బేర్‌ఫుట్ రావు ఎడమ పాదం

ధర్మారావు ఆర్గన్ బరువు నాలుగు వందల పాతిక పౌండ్లు. దాని పక్కన నిలబడే స్పీకరు పెట్టె ఇంకో నూట నలభై. ఈ సంగతి ధర్మారావుకంటే ఆయన భార్య లక్ష్మీకాంతానికే బాగా తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆరిళ్ళు మారితే ఆరుసార్లూ మూవర్స్‌తో గొడవపడింది ఆవిడే మరి. ఆయన మాత్రం ప్రతిసారీ ఆర్గన్ వెనకాల నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అంటూ, పెళ్ళికూతుర్ని పల్లకీ ఎక్కిస్తున్నంత హడావుడి చేసేవాడు. కట్టుకున్న పెళ్ళాం మెట్ల మీద కాలు జారి పడిన రోజున కూడా ఆయన అంత కంగారు పడలేదని ఆవిడ ఫిర్యాదు.

రెండువేల ఏడులో, ఆవిడ డాక్టరు ప్రాక్టీసు మానేశాక, న్యూజెర్సీ నుంచి కూతురికి దగ్గరగా ఉందామని వర్జీనియాలోని హెర్న్‌డన్‌కి వచ్చేటప్పుడు ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. ఆ ఆర్గన్ పెట్టె కొత్తింటికి రావడానికి వీల్లేదు. ఆయన బుద్ధిగా తలూపాడు. తీరా వీళ్ళు కారు దిగి తలుపు తీసేసరికి ఆ పెట్టె వీళ్ళకంటే ఒకరోజు ముందే వచ్చి బేస్‌మెంట్‌లో కొలువై ఉంది. ఆయనతో వాదించడం దండగని ఆవిడకి అప్పటికి ముప్ఫై ఆరేళ్ళుగా తెలుసు. అయినా వాదించింది.

ధర్మారావు వాయించేది గుళ్ళో పాటలూ కాదు, సినిమా పాటలూ కాదు. న్యూవార్క్‌లో నల్లవాళ్ళ పేటల్లో, వీధి మలుపుల్లో ఉండే చిన్న చిన్న బార్లలో పెరిగిన సంగీతం అది. సగం జాజ్, సగం చర్చి. వింటున్నవాడి మోకాలు వాడికి తెలియకుండానే ఊగుతుంది. సోల్ జాజ్ అంటారు. తెనాలివాడికి అది ఎలా అంటుకుందీ అంటే, దానికీ ఓ కథ ఉంది.

ఆయన మేనమామ హనుమయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. చేత్తో తిత్తి కొట్టేది కాదు, కాళ్ళతో తొక్కేది. తొమ్మిదో ఏటి నుంచీ మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాడు. ఆ తర్వాత కుర్రవాడు ఇంజనీరింగు చదివాడు, అరవై ఏడులో ఎమ్మెస్ చెయ్యడానికి న్యూవార్క్ వచ్చాడు. ఓ బార్‌లో ఆర్గన్ పాడైతే, ఎలక్ట్రికల్ స్టూడెంటు కదా అని ఎవరో పిలుచుకెళ్ళారు. బాగుచేశాక సరిగ్గా పలుకుతోందో లేదో చూద్దామని దాని ముందు కూర్చున్నాడు. "ఆ కూర్చున్న మనిషి ఇంతవరకూ లేస్తే ఒట్టు" అంటుంది లక్ష్మీకాంతం.

కూర్చునే ముందు బూట్లూ మేజోళ్ళూ విప్పి పక్కన పెట్టాడు. మీటల్ని తాకి చేతులు కళ్ళకద్దుకున్నాడు. హనుమయ్య నేర్పిన మొదటి పాఠం అది. వాద్యమంటే సరస్వతి, చెప్పుకాలు తగలకూడదు. మిగతా ఆర్గనిస్టులంతా పల్చటి అడుగున్న బూట్లేసుకొని పెడల్స్ మీద కాళ్ళు నడుపుతుంటే ఈయనొక్కడే ఉత్త కాళ్ళతో వాయించేవాడు. బార్‌లో జనం మొదట నవ్వారు, తర్వాత ఆ కాళ్ళని చూడటానికే వచ్చారు, చివరికి బేర్‌ఫుట్ రావు అని పేరు పెట్టేశారు. డెబ్బై అయిదులో ఆయన పేరు మీద ఒకే ఒక్క రికార్డు వచ్చింది. దాని అట్ట మీద ఆయన మొహం లేదు. పెడల్ మీద ఆనీ ఆననట్టున్న ఎడమ పాదం ఉంది. "మొహంకంటే అదే నయంలెండి" అంది లక్ష్మీకాంతం అది చూసి.

ఆ పాదం చేసే పని ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఈ సంగీతంలో బేస్, అంటే అడుగున నడిచే మంద్ర స్వరాలు, వాయించడానికి వేరే మనిషి ఉండడు. ఆర్గన్ ముందు కూర్చున్నవాడే కుడిచేత్తో పాట వాయిస్తూ ఎడమచేత్తో బేస్ నడిపించుకోవాలి. ఆ నడకలో ప్రతి అడుక్కీ ఎడమ పాదం కిందున్న చెక్క పెడల్స్‌ని తగిలీ తగలకుండా తడుతూ ఉంటుంది. ఆ తట్టు విడిగా వినపడదు. అది లేకపోతే మాత్రం చారులో ఇంగువ మర్చిపోయినట్టుంటుంది. ఏదో తగ్గిందనిపిస్తుందిగానీ ఏం తగ్గిందో నూటికి తొంభై మంది చెప్పలేరు.

డెబ్బై నాలుగులో టెలిఫోన్ కంపెనీలో లక్షణమైన ఉద్యోగం వదిలేశాడు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. మూడు వారాలపాటు రోజూ టై కట్టుకొని పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, వెండెల్ అనే డ్రమ్మర్ ఇంట్లో కూర్చుని ప్రాక్టీసు చేసుకొని సాయంత్రం ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి బయటపడ్డ రోజు లక్ష్మీకాంతం చేతిలో ఉన్న స్టెతస్కోపు గోడకేసి కొట్టింది. ఆవిడ పిల్లల డాక్టరు. ఆ తర్వాత ఇల్లూ, కూతురి చదువూ అన్నీ ఆవిడ ప్రాక్టీసు మీదే నడిచాయి. ఆయన వారాంతాల్లో బార్లలో, ఆదివారం పొద్దున బాప్టిస్టు చర్చిలో, మధ్యలో ఎవరి పెళ్ళికి పిలిస్తే అక్కడ, ఎవరి అంత్యక్రియలకి పిలిస్తే అక్కడ వాయించాడు. ఎనభైల్లో బార్లన్నీ డిస్కోకి మారి ఆర్గన్లని బయటికి నెట్టేశాయి. అప్పటి నుంచీ ఈయన ఎవరెవరి రికార్డుల్లోనో వెనకాల వాయిస్తూ, అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉండిపోయాడు. అందుకు ఆయన బాధపడ్డట్టు ఎప్పుడూ కనిపించలేదు. అదే ఆవిడకి ఒళ్ళు మంట.

తెలుగువాళ్ళ ఫంక్షన్లకి వెళ్తే ఆవిడకి ఇంకో తంటా. "మీవారు ఏం చేస్తారండీ?" అని అడుగుతారు. వాళ్ళ మొగుళ్ళంతా కార్డియాలజిస్టులు, సైంటిస్టులు, కంపెనీల్లో డైరెక్టర్లు. "ఎలక్ట్రికల్" అనేది ఆవిడ. అందులో అబద్ధం ఏమీ లేదు, ప్లగ్గు పెట్టందే ఆర్గన్ పలకదు కదా అని తనకి తాను చెప్పుకునేది. ఆయన పక్కనే నిలబడి, నవ్వుతూ ప్లేటులో రెండో జిలేబీ వేసుకునేవాడు. షుగరొచ్చి పదకొండేళ్ళయిన మనిషి!

షుగరొచ్చినవాళ్ళు ఉత్త కాళ్ళతో తిరగకూడదు. ఆవిడ ఈ మాట చెప్పి చెప్పి అలిసిపోయింది. పాదాలకి స్పర్శ తగ్గుతుంది, దెబ్బ తగిలినా తెలియదు, పుండు పడితే మానదు. మెత్తటి ప్రత్యేకమైన బూట్లు మూడు జతలు కొనిచ్చింది. మూడూ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"చెప్పుకాలితో సరస్వతిని తొక్కమంటావా?" అనేవాడు.

"ఇప్పుడు మాత్రం తొక్కుతున్నది కాళ్ళతో కాదూ?"

"తొక్కడం కాదే కాంతం, తాకడం" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

రెండువేల తొమ్మిది ఆగస్టులో ఓ ఫోన్ వచ్చింది. తీసింది లక్ష్మీకాంతమే.

"హలో ఆంటీ, నా పేరు ఉదయ్. నేను బ్రుక్లిన్‌లో ఉంటాను, రికార్డ్స్ చేస్తాను. బేర్‌ఫుట్ రావు అంకుల్ ఉన్నాడా?"

మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన ముప్ఫై రెండేళ్ళ పిల్లాడు. పాత రికార్డులమ్మే కొట్లో ఆ పాదం బొమ్మ చూసి తిప్పి చదివితే తెలుగు పేరు కనపడిందట. "నేను షాక్ అయ్యాను ఆంటీ. మా డాడీ ఫ్రెండ్స్ అందరూ డాక్టర్స్. ఈ అంకుల్ ఇంత కూల్ పని చేశాడు అని ఎవరూ నాకు చెప్పలేదు." ఇప్పుడు ఆయన పేరుతో కొత్త రికార్డు చేస్తాడట. ఆర్గన్ కదపక్కర్లేదు, మైకులూ మెషీన్లూ తనే తెచ్చుకొని బేస్‌మెంట్‌లోనే రికార్డు చేస్తాడు. అక్టోబరు ఇరవై నాలుగు, శనివారం.

ధర్మారావు ఆ రోజు అన్నం తినలేదు. అరవై ఆరేళ్ళ మనిషి ఫ్రిజ్ ముందు నిలబడి, తలుపు తీసి, ఏం కావాలో మర్చిపోయి మళ్ళీ వేశాడు. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత సొంత పేరు మీద రికార్డు. ఆవిడకి లోపల సంతోషం కలిగింది. బయటికి మాత్రం, "అయితే ఇంకో రెణ్ణెల్లు నాకు నిద్ర లేదన్నమాట" అంది.

అన్నట్టుగానే వెండెల్ న్యూవార్క్ నుంచి బస్సులో దిగాడు, డ్రమ్స్‌తో సహా. డెబ్బై ఒక్కేళ్ళ నల్లాయన, నలభై ఏళ్ళుగా ధర్మారావుకి జతగా వాయిస్తున్నవాడు. గెస్ట్ రూమ్‌లో మకాం పెట్టాడు. పెసరట్టు మీద హాట్ సాస్ పోసుకొని తింటూ "డాక్, నువ్వు లేకపోతే మేమిద్దరం ఎప్పుడో చచ్చేవాళ్ళం" అనేవాడు ఇంగ్లీషులో. అది నిజమే కాబట్టి ఆవిడ ఏమీ అనేది కాదు.

శనివారం ఇంక రెండు రోజులుందనగా, గురువారం పొద్దున, లక్ష్మీకాంతం దోసకాయ పప్పుకి తాలింపు వేస్తోంది. కింద ప్రాక్టీసు జరుగుతోంది. ఈ మధ్య చప్పుడు కాస్త తగ్గింది, హాయిగా ఉంది అనుకుంది. ఒక్క నిమిషం కాగానే ఆ హాయి పోయింది. తగ్గింది ఏమిటి? చప్పుడు అంతే ఉంది. పాట అంతే ఉంది. బేస్ నడుస్తూనే ఉంది. కానీ కింద ఉండాల్సింది ఏదో లేదు. గిన్నెలో ఉప్పు వేసింది. స్టవ్ కట్టేసి నిలబడి మళ్ళీ విన్నది. ఆ పాట ఎప్పుడు ఎక్కడ ఎలా దిగుతుందో ఆవిడకి నిద్రలో కూడా తెలుసు, అదే ఆవిడ ఖర్మ. రెండోసారి ఉప్పు వేసింది. అప్పుడు తెలిసింది. పాదం లేదు.

చెప్పులు టపటపలాడించుకుంటూ బేస్‌మెంట్ మెట్లు దిగింది. ధర్మారావు కళ్ళు మూసుకొని వాయిస్తున్నాడు. రెండు చేతులూ బాగానే నడుస్తున్నాయి. కాళ్ళకి మందపాటి తెల్లటి మేజోళ్ళున్నాయి. ఎడమ పాదం పెడల్స్ మీద లేదు, పక్కన నేల మీద మూటలా పడి ఉంది. అటు చూస్తే వెండెల్ కాలు పెద్ద డ్రమ్ముని మెత్తగా, ఒక్క దెబ్బ వదలకుండా తడుతోంది. ఆ పాదం పని వీడి కాలు చేస్తోందన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

ఇద్దరూ ఆపేశారు. వెండెల్ తలొంచుకొని డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి తాళాన్ని కళ్ళద్దాలు తుడిచినట్టు తుడవడం మొదలుపెట్టాడు. "ఏమిటి డాక్?" అన్నాడు.

"నిన్నే వెండెల్. నా ఇంట్లో తిని నాకే అబద్ధాలు చెప్తావా? ఈయన కాలు పని నువ్వు ఎప్పట్నుంచి చేస్తున్నావు?"

వెండెల్ ధర్మారావు వైపు చూశాడు. "నేనొచ్చిన దగ్గర్నుంచే" అన్నాడు చివరికి.

"ఆ మేజోళ్ళేమిటండీ?" అంది మొగుడితో.

"చలి."

"చలా? హీటరు డెబ్బై అయిదులో పెట్టిందెవరు? వాద్యం ముందు మేజోడు తీయని రోజు నలభై ఏళ్ళలో ఉందా మీకు? విప్పండి."

"శనివారం అయ్యాక చూద్దువుగానీ కాంతం."

"విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

ఆయన విప్పలేదు. ఆవిడే నేల మీద చతికిలబడి లాగేసింది. మేజోడు లోపల అంతా పచ్చగా ఉంది. పసుపు! పసుపూ కొబ్బరినూనే కలిపి మెత్తి, పైన దూది పెట్టి, రబ్బరు బ్యాండు వేసుకున్నాడు. దూది తీసేసరికి వాసన గుప్పుమంది. బొటనవేలి మొదట్లో, అరికాలి మీద రూపాయి బిళ్ళంత పుండు. అంచులు నల్లబడ్డాయి. వేలు పెట్టి పక్కన నొక్కింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"నొప్పి అసలు లేదు" అన్నాడు ధైర్యం చెప్తున్నట్టు.

"నొప్పి లేకపోవడమే జబ్బు! పదకొండేళ్ళుగా అదేగా నేను మొత్తుకుంటున్నది!" ఆవిడ గొంతు చర్చిలో పాటలా మోగింది. "ఇంట్లో డాక్టర్ని పెట్టుకొని పసుపు రాసుకున్నారా?"

"నువ్వు పిల్లల డాక్టరువి కదా."

"మీ అంత చిన్నపిల్లాడు నా దగ్గరికి ఇంతవరకూ రాలేదు!"

ఎలా జరిగిందంటే, ఆగస్టులో ఓ పెడల్ మీద చెక్క ఊడితే, ఈ మహా ఇంజనీరు ఇంట్లో దొరికిన పొడుగు స్క్రూ వేసి బిగించాడు. దాని మొన పైకి తేలింది. రోజుకి మూడు గంటలు ఆ మొన మీద ఉత్త పాదంతో తట్టాడు. తెలియలేదు. చెక్క మీద రక్తం చూసి, అదేదో తుప్పు అనుకున్నాడట. తర్వాత కాలు పెడల్ మీద ఎక్కడుందో కూడా తెలియడం మానేసింది. తడదామంటే ఇంకోదాని మీద పడేది. అందుకని కాలు పక్కన పెట్టేసి, వెండెల్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు.

"ఎవరికీ తెలియలేదు" అన్నాడు ధర్మారావు. "పోయిన వారం ఉదయ్ వచ్చి రెండు గంటలు విన్నాడు, అద్భుతం అన్నాడు. అతనికే తెలియలేదు. నీకెలా తెలిసింది?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళు మోగిస్తే గోడక్కూడా తెలుస్తుంది. లేవండి. హాస్పిటల్‌కి పోదాం."

"శనివారం అయ్యాక."

"కాలు పోతుంది."

"సోమవారం పొద్దున్నే నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను. ఒట్టు."

"మీ ఒట్లు నాకు తెలుసు. ఆ పెట్టె ఈ ఇంటికి రాదని కూడా తలూపారు."

వెండెల్ మెల్లిగా పైకి జారుకున్నాడు. ఆవిడ తిట్టింది. ఆయన పడ్డాడు. ఎంత తిట్టినా మాట్లాడని మనిషిని తిట్టడం కంటే విసుగు ఇంకోటి ఉండదు. చివరికి ఆయన నెమ్మదిగా, కోపం లేకుండా, ఒక్క మాటన్నాడు.

"నీ స్నేహితులందరికీ నేను ఎలక్ట్రికల్. ఇన్నేళ్ళూ పక్కనే నిలబడి విన్నాను, ఎప్పుడైనా ఏమైనా అన్నానా? ఒక్క శనివారం నా పేరుతో ఉండనీ కాంతం. ఆ తర్వాత మళ్ళీ నువ్వేమంటే అదే."

ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికి వీలుండేది. ఆయన విన్నాడని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. జిలేబీలు తింటున్నాడనుకుంది.

పైకి వెళ్ళి శశికళకి ఫోన్ చేసింది. శశికళ ఫెయిర్‌ఫాక్స్‌లో పాదాల సర్జను, నెల్లూరు పిల్ల, అక్కా అని పిలుస్తుంది. అంతా విని, "ఇప్పుడే తీసుకొచ్చేయండక్కా" అంది.

"సోమవారం దాకా ఆగొచ్చంటావా?" అంది లక్ష్మీకాంతం.

ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో ఈ ప్రశ్న ఎంతమంది తల్లులు తనని అడిగారో ఆవిడకి గుర్తొచ్చింది. పెళ్ళుంది డాక్టర్, పరీక్షుంది డాక్టర్, సోమవారం దాకా ఆగొచ్చా? అడిగినవాళ్ళనందరినీ ఏడ్చేదాకా చీవాట్లు పెట్టేది.

"అక్కా, అడుగుతోంది మీరేనా?" అంది శశికళ. తర్వాత మందులు రాయించింది, కట్టు ఎలా కట్టాలో చెప్పింది. "జ్వరం వచ్చిందంటే మాత్రం ఆ నిమిషమే బయల్దేరాలి. పదిహేను నిమిషాలు కూడా ఆగకూడదు. మీకు చెప్పాలా?"

శనివారం పొద్దున లక్ష్మీకాంతం స్క్రూడ్రైవరు పట్టుకొని పెడల్స్ కిందికి దూరి ఆ స్క్రూ తనే ఊడబీకింది. బయటికొచ్చేసరికి జుట్టంతా బూజు. ఆయన పాదానికి పల్చగా కట్టు కట్టి, "ఇది మేజోడు కాదు, కట్టు. మీ సరస్వతి ఏమీ అనుకోదు" అంది. ఆయన పాదం వైపూ కట్టు వైపూ చూసుకొని ఒప్పుకున్నాడు. వెండెల్ దగ్గరికెళ్ళి, "ఈరోజు నీ కాలు నీ పని చూసుకుంటుంది" అని చెప్పింది. ఎలాగూ ఆగడానికి ఒప్పుకున్నాక దొంగ సరుకు ఎందుకు రికార్డు చెయ్యాలి అని ఆవిడ లెక్క.

ఉదయ్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొని, బేస్‌మెంట్ అంతా తీగలు పరిచాడు. ధర్మారావు మీటల్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. ఎప్పుడూ కళ్ళు మూసుకొని వాయించే మనిషి ఆ రోజు తల కిందికి వంచి, తన ఎడమ పాదాన్నే చూస్తూ వాయించాడు. కాలికి తెలియని చోటు కంటితో చూపించి, ఒక్కో అడుగూ వేయించాడు. ఎవరో చిన్నపిల్లాణ్ణి వేలు పట్టుకొని రోడ్డు దాటిస్తున్నట్టుంది. మెడ నరాలు ఉబ్బాయి. కానీ పాదం వచ్చింది. ఉదయ్ హెడ్‌ఫోన్స్‌లో విని తలెత్తి, "అంకుల్, ఈరోజు డిఫరెంట్‌గా ఉంది. ఏం చేశారు?" అన్నాడు.

ప్రతి పాట అయ్యాక ఆవిడ వెళ్ళి ఆయన నోట్లో థర్మామీటర్ పెట్టింది. ఓసారి తొందరపడి ముందే వెళ్తే అది కీచుమని కూసి, పాట చివరి స్వరం మీద పడింది. మళ్ళీ మొదటి నుంచి వాయించాల్సొచ్చింది. "ఆంటీ, ప్లీజ్" అన్నాడు ఉదయ్ చేతులు జోడించి. "నీకేం తెలుసు నాన్నా, నువ్వు నీ బటన్లు చూసుకో" అంది ఆవిడ.

తొంభై ఎనిమిదిన్నర. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిదిన్నర. అయిదు పాటలయ్యాయి. మిగిలింది ఒక్కటే, నెమ్మదిగా నడిచే పాట. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది. ఆవిడ థర్మామీటర్ తీసి చూసింది. నూరు పాయింట్ ఎనిమిది.

ఆయన ఆవిడ మొహం చూస్తున్నాడు. ఎంతని అడగలేదు. వెండెల్ కర్రలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఉదయ్ తీగలు సర్దుతున్నాడు. లక్ష్మీకాంతం ఆ అంకె ఎవరికీ కనపడకుండా బటన్ నొక్కి ఆర్పేసి, థర్మామీటర్‌ని కోటు జేబులో వేసుకుంది.

"కానివ్వండి. తొందరగా" అంది.

తొందరగా కాలేదు. మొదటిసారి వెండెల్ తప్పాడు. రెండోసారి తీగ ఊడింది. మూడోసారి ఆయన సగంలో ఆపి, కాదన్నాడు. నాలుగోసారికి వచ్చింది. యాభై నిమిషాలు పట్టింది. మీటల మీంచి ఆయన చేతులు తీయకముందే ఆవిడ కారు తాళాలు పట్టుకొని నిలబడి ఉంది.

మంగళవారం ఎడమ పాదం ముందు సగం తీసేశారు. ఇన్‌ఫెక్షను ఎముకలోకి పోయింది.

"శశీ, గురువారమే తీసుకొచ్చి ఉంటే?" అని అడిగింది లక్ష్మీకాంతం, హాస్పిటల్ కారిడార్‌లో.

"రెణ్ణెల్లు దాచిపెట్టాడాయన. రెండు రోజుల వల్ల అని చెప్పలేను."

"కాదని చెప్పగలవా?"

శశికళ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చెప్పలేనక్కా" అంది.

మెలకువ వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "ఆరో పాట సరిగ్గా పడిందటా?" అని. ఆవిడ ఏడవాలని వచ్చింది, క్షమించమని అడగాలని వచ్చింది. ఆయన అందుకు కూడా సందివ్వలేదు. "నా కాలు, నా శనివారం. డాక్టరువి కాబట్టి లోకంలో ప్రతిదీ నీ వల్లే అవుతుందనుకుంటావు" అని, జెల్లీలో చక్కెర లేదని నర్సుతో దెబ్బలాటకి దిగాడు. ఇలాంటి మనిషితో తప్పు ఒప్పుకోవడం కూడా కుదరదు. పశ్చాత్తాపం ఒక్కత్తే పడాలంటే ఎంత బరువో ఆవిడకి ఆ చలికాలమంతా తెలిసింది. థర్మామీటర్ సంగతి ఆవిడ ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు.

తర్వాత కూడా ఆయన వాయించాడు, రెండు చేతులతో. కింది నుంచి ఆ తట్టు మళ్ళీ రాలేదు. ఆవిడ వంటింట్లో రేడియో పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

జూన్‌లో పోస్టులో సీడీ వచ్చింది. అట్ట మీద పెద్దక్షరాల్లో ఆయన పేరు. ధర్మారావు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, చేతికర్ర గోడకి ఆనించి, బేస్‌మెంట్‌లో సోఫాలో కూర్చున్నాడు. లక్ష్మీకాంతం సీడీ ప్లేయర్లో వేసి, దాని పక్కనే ఉన్న కుర్చీలో కూర్చొని న్యూస్‌పేపర్ తెరిచింది. అయిదు పాటలు అయ్యేదాకా ఒకే పేజీ చూసింది. ఆయన మధ్యమధ్యలో "ఇక్కడ వెండెల్ విను" అంటున్నాడు. ఆవిడ ఊఁ అంటోంది.

ఆరో పాట మొదలైంది. కుడిచెయ్యి చాలాసేపు ఊరుకుంది. కింద ఎడమచెయ్యి నడుస్తోంది, దాని కింద పాదం. ఒక్కో తట్టూ, ఎక్కడ పడాలో అక్కడే, కంటితో చూసి పెట్టినట్టు పడుతోంది. ఒక్కటి కూడా తప్పలేదు. నూరు పాయింట్ ఎనిమిది జ్వరంలో. అది ఇప్పుడు ఎక్కడా లేని పాదం. ఆవిడ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆపండి" అంది.

"ఏం, బాగాలేదా?"

"బాగుంది. ఆపండి."

ధర్మారావు ఆవిడ వైపు తిరిగి చూశాడు. పెళ్ళయిన ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆవిడ నోటి వెంట బాగుందన్న మాట రావడం అదే మొదలు. ఆయన లేచి, కర్ర అందుకొని, ప్లేయర్ దాకా రావాలంటే పాట సగం అయిపోతుంది.

"నీ పక్కనే ఉంది కదా" అన్నాడు మెల్లిగా. "నువ్వే ఆపు."

ఆవిడ చెయ్యి చాచింది. వేలు బటన్ మీద పెట్టింది. పాట అయిపోయేదాకా దాన్ని నొక్కనూ లేదు, చెయ్యి తీయనూ లేదు.